ఇంటి చుట్టూ కాంక్రీటు కుంగుబాటు: గుర్తింపు, మరమ్మతు

నిర్వచనం, పరిధి

నేల మీద ఆనించి వేసిన కాంక్రీటు గచ్చు, అడుగు మట్టి అణగిపోవడం వల్ల గాని, నీటితో కొట్టుకుపోవడం వల్ల గాని, ఎండి కుంచించుకుపోవడం వల్ల గాని, తొలుత వేసిన మట్టం కంటే కిందికి దిగడాన్ని కాంక్రీటు కుంగుబాటు అంటారు. వాహనం ఎక్కే ర్యాంపు, పోర్టికో, గేటు నుంచి గుమ్మం దాకా వేసిన నడకదారి, బయటి మెట్లు, సంపు చుట్టూ ఉన్న గచ్చు, వాన నీటిని గోడలకు దూరంగా మళ్లించడానికి ఇంటి చుట్టూ వేసే ఏప్రాన్ (ఇంజనీర్ల మాటలో ప్లింత్ ప్రొటెక్షన్) దీనికి ఎక్కువగా లోనయ్యే భాగాలు. నేలమట్టం నుంచి గుమ్మం ఎత్తు దాకా గోడలు లేపి మధ్యలో మట్టి నింపే బేస్‌మెంట్ మీద వేసిన లోపలి గచ్చు కూడా ఈ కోవలోకే వస్తుంది. పిల్లర్లు, బీములు గట్టి నేల మీద నిలిచి ఉన్నా, ఈ గచ్చు భారం మాత్రం నింపిన మట్టి మీదే పడుతుంది.

దీనికి దగ్గరగా కనిపించే మరో మూడు పరిణామాలు ఉన్నాయి. ఇంటి బరువును మోసే పునాదే దిగిపోతే దాన్ని పునాది కుంగుబాటు అంటారు. ఇది గచ్చు సమస్య కంటే చాలా తీవ్రమైనది. భూగర్భ జలాలను అతిగా తోడడం వల్లనో, గనుల తవ్వకం వల్లనో, కొండవాలు జరగడం వల్లనో ఒక ప్రాంతమంతా దిగిపోతే అది భూమి కుంగుబాటు. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో వందలాది ఇళ్లు బీటలు వారింది ఇటువంటి కారణంతోనే. మట్టి నీరు పీల్చి ఉబ్బి గచ్చును పైకి నెట్టడం మూడోది. ఒకచోట ఉబ్బిన గచ్చు పక్కన ఉన్న భాగం కుంగినట్టు కనిపిస్తుంది కాబట్టి, ఈ మూడింటినీ విడదీసి చూడనిదే మరమ్మతు మొదలుపెట్టకూడదు.

ఒక ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. 100 మిల్లీమీటర్ల మందంతో వేసిన గచ్చు, ఈ లెక్కన, చదరపు మీటరుకు 240 కిలోల బరువు మాత్రమే మోపుతుంది. గట్టిగా దిమ్మిస వేసిన ఏ నేలకైనా ఇది లెక్కలోకి రాని బరువు. ఇంత తక్కువ భారానికే గచ్చు దిగిపోయిందంటే కాంక్రీటు పాళ్లలో తప్పు వెతకడం వల్ల ప్రయోజనం తక్కువ. లోపం మట్టిలో గాని, ఆ మట్టిలోకి చేరుతున్న నీటిలో గాని ఉంటుంది.

చారిత్రక నేపథ్యం

కట్టడం కింద నేల కదలకుండా చూడాలన్న ఎరుక తెలుగు నేలకు కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప ఆలయానికి, పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద రాతి పీఠాన్ని నిలిపే పద్ధతిని అనుసరించారు. ఇసుక తడికి ఉబ్బదు, ఎండకు కుంచించుకోదు. 2021లో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు యునెస్కో ప్రస్తావించిన విశేషాల్లో ఈ ఇసుక పునాది ఒకటి.

సాధారణ గృహాల్లో సిమెంటు విస్తరించక ముందు వాకిళ్లకు, వసారాలకు కడప, బేతంచెర్ల, తాండూరు, షాబాద్ బండలను ఇసుక పరుపు మీద పరిచేవారు. బండ కుంగినప్పుడు దాన్ని గునపంతో లేపి, అడుగున ఇసుక సర్ది, తిరిగి కూర్చోబెట్టేవారు. అందువల్ల కుంగుబాటు ఒక చిన్న నిర్వహణ పనిగానే ఉండేది. భారతదేశంలో సిమెంటు మీద నియంత్రణ 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా తొలగిపోయిన తరువాత, అతుకులు లేని కాంక్రీటు గచ్చు పట్టణాల్లోనూ పల్లెల్లోనూ మామూలైంది. బండకు ఉన్న లేపి సర్దే వెసులుబాటు ఈ ఏకశిల గచ్చుకు లేదు. నేలను గట్టిపరిచే పని మాత్రం అదే వేగంతో మెరుగుపడలేదు. నేటి ఇళ్లలో కనిపించే సమస్యకు మూలం చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

మట్టి అణగడాన్ని గణితబద్ధంగా వివరించిన శాస్త్రం ఇరవయ్యో శతాబ్దిలో రూపొందింది. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ టెర్జాఘీ 1925లో ప్రచురించిన గ్రంథంతో ఆధునిక మృత్తికా యాంత్రికశాస్త్రం మొదలైందని భావిస్తారు. తడిసిన బంకమన్ను భారం కింద నీటిని మెల్లగా వదులుతూ ఏళ్ల తరబడి ఎలా దిగుతుందో ఆయన సిద్ధాంతం చెప్పింది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా విభాగంలో ఇంజనీరైన రాల్ఫ్ ప్రాక్టర్, మట్టిలో తేమ ఒక నిర్దిష్ట శాతంలో ఉన్నప్పుడే దిమ్మిస దెబ్బకు అది అత్యంత దట్టంగా కుదురుతుందని 1933లో చూపించారు. ఆ దేశంలోనే 1930ల నాటికి కుంగిన రహదారి పలకల అడుగుకు మట్టి, సిమెంటు కలిపిన ముద్దను పంపుతో ఎక్కించి పైకి లేపే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1970లలో ఫిన్లాండ్‌లో పాలీయురెథేన్ నురగతో లేపే పద్ధతి అభివృద్ధి చెందింది. భారతదేశంలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి నేలల కోసం అడుగున గుబ్బలా వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైల్ పునాదులను రూపొందించింది. ఉబ్బే మట్టి పైన ఉబ్బని బంక గ్రావెల్ పొరను వేసి కదలికను అదుపు చేసే విధానాన్ని ముంబయి ఐఐటీ ఆచార్యులు ఆర్.కె. కట్టి ప్రతిపాదించారు.

నేల రకాలు (చూ. నల్లరేగడి, ఎర్ర చల్కా, పూడిక నేలలు)

భారత భూభాగంలో దాదాపు ఐదో వంతు విస్తీర్ణంలో ఉన్న నల్లరేగడి, గచ్చుల విషయంలో అన్నిటికంటే చిక్కైన నేల. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, నంద్యాల, గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లోనూ, తెలంగాణలో ఆదిలాబాద్ పరిసరాల్లోనూ ఇది విస్తారంగా ఉంది. దీనిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం పలుచని రేకుల దొంతరగా ఉండి, రేకుల మధ్యకు నీరు చేరినప్పుడు ఉబ్బి, నీరు ఆరినప్పుడు ముడుచుకుంటుంది. వేసవిలో పొలాలు నెర్రెలు విచ్చడం దీని ఫలితమే. ఇంటి అడుగున జరిగేదీ ఇదే. ఆరుబయట గచ్చు అంచున మట్టి ఎండి దిగుతుండగా, గచ్చు నడిమి భాగం కింద తేమ నిలిచి ఉంటుంది కాబట్టి ఆ తేడా గచ్చును విరుస్తుంది. రుతువులను బట్టి తేమ మారే లోతు ఈ నేలల్లో సుమారు 3.5 మీటర్ల దాకా ఉంటుందని పునాదుల రూపకల్పనలో పరిగణిస్తారు. ఉబ్బే మట్టిని కదలకుండా అణచి ఉంచడానికి కావలసిన ఒత్తిడి కొన్ని చోట్ల చదరపు మీటరుకు పది టన్నులను మించుతుంది. దాని ముందు గచ్చు స్వంత బరువైన 240 కిలోలు ఏ మాత్రం నిలవవు; అందుకే గచ్చు మందం పెంచి రేగడిని గెలవాలనుకోవడం డబ్బు వృథా చేసుకోవడమే.

మట్టి ఉబ్బే గుణాన్ని తెలుసుకోవడానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 2720, 40వ భాగంలో ఒక సులువైన పరీక్ష ఉంది. 425 మైక్రాన్ల జల్లెడ గుండా దిగిన పొడి మట్టిని పదేసి గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీల్లో వేసి, ఒకదాన్ని నీటితో, మరొకదాన్ని కిరోసిన్‌తో నింపి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటి జాడీలో మట్టి దానికంటే ఎంత శాతం ఎక్కువ ఘనపరిమాణం ఆక్రమించిందో ఆ సంఖ్యే స్వేచ్ఛా ఉబ్బు సూచిక. అది 50 శాతం దాటితే ఆ మట్టి మీద నేరుగా గచ్చు వేయకూడదన్నది అనుభవజ్ఞులైన ఇంజనీర్ల మాట. సామాన్య గృహస్థుకు అందుబాటులో ఉన్న మట్టి పరీక్షల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత విలువైన సమాచారమిచ్చేది మరొకటి లేదు.

ఎర్ర చల్కా, గరప నేలలు చాలావరకు స్థిరమైనవి. సముద్ర తీరపు ఇసుక బరువును బాగానే మోస్తుంది గాని పారే నీటికి కొట్టుకుపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లోని మెత్తని ఒండ్రు బంకమన్ను, టెర్జాఘీ వివరించినట్టు, భారం కింద దీర్ఘకాలం దిగుతూనే ఉంటుంది. వీటన్నిటికంటే నమ్మరానిది మనిషి నింపిన నేల. పూడ్చిన కుంటల మీద, పాత ఇటుక బట్టీ గోతుల మీద, శిథిలాలు, చెత్త పోసి చదును చేసిన వెంచర్ల మీద కట్టిన ఇళ్లలో గచ్చు ఎక్కడ ఎంత దిగుతుందో ముందుగా అంచనా వేయడం కష్టం.

కుంగే తీరు, కారణాలు

తెలుగు రాష్ట్రాల ఇళ్లలో అత్యంత సాధారణమైన కారణం వదులుగా నింపిన మట్టి. పునాదికి తవ్విన గోతులను, బేస్‌మెంట్‌ను 150 మిల్లీమీటర్ల పొరలుగా నింపి, తడిపి, ఒక్కో పొరకు దిమ్మిస వేయవలసి ఉండగా, ట్రాక్టరు నుంచి మట్టిని ఒకేసారి కుమ్మరించి పైపైన నీళ్లు పోసి వదిలేయడం పరిపాటి. పైన గట్టిగా కనిపించినా లోపల గడ్డల మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. తొలి వానాకాలంలో నీరు దిగినప్పుడు ఆ గడ్డలు కరిగి, మట్టి ఒక్కసారిగా కుదించుకుపోతుంది. కొత్త ఇంటి గచ్చు మొదటి లేదా రెండో వర్షాకాలం తరువాత దిగడానికి ప్రధాన కారణం ఇదే. పునాదికి తవ్విన నల్లమట్టినే అదనపు ఖర్చు ఎందుకని తిరిగి బేస్‌మెంట్‌లో నింపితే వదులుతనానికి ఉబ్బు గుణం కూడా తోడవుతుంది.

నీటి కోత రెండో కారణం. డాబా మీది వాన నీటి గొట్టం ఏప్రాన్ అంచునే వదిలేసినప్పుడు, సంపు గాని సెప్టిక్ ట్యాంకు గాని కారుతున్నప్పుడు, భూమిలోని నల్లా గొట్టం కీలు వదులైనప్పుడు, నీరు సన్నని మట్టి రేణువులను తనతో తీసుకుపోతూ గచ్చు కింద గుల్లను ఏర్పరుస్తుంది. గచ్చు కొంతకాలం ఆ గుల్లకు అడ్డంగా నిలిచి ఉంటుంది. ఒకరోజు నీటి ట్యాంకరో ఇసుక లారీయో ఎక్కగానే విరిగి కూలుతుంది. కాంక్రీటు కింది నుంచి ఇసుక కొట్టుకుపోవడం ఎంత పెద్ద కట్టడానికైనా ముప్పే. 2023 అక్టోబరులో గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు పియర్లు కుంగినప్పుడు, పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ కమిటీ ఎత్తిచూపిన అంశాల్లో రాఫ్ట్ (పునాది పలక) అడుగు ఇసుక నీటితో జారిపోవడం ఒకటి. పరిమాణంలో పోలిక లేకపోయినా, రెండు చోట్లా మట్టిని కదిలించేది నీటి ప్రవాహమే.

పందికొక్కులు, ఎలుకలు ఏప్రాన్ అంచు కింద బొరియలు తవ్వడం పట్టణ గృహాల్లో తక్కువగా అంచనా వేసే కారణం. బొరియ దానంతటది గచ్చును కూల్చకపోయినా వాన నీటికి దారి చూపుతుంది. గోడకు దగ్గరగా ఉన్న రావి, మర్రి, వేప వంటి చెట్లు రేగడి నేలలోని తేమను పీల్చి, ఆ వైపు మట్టిని కుంచింపజేస్తాయి. అటువంటి చెట్టును హఠాత్తుగా నరికివేస్తే తేమ తిరిగి చేరి మట్టి ఉబ్బుతుంది కాబట్టి, నరకడం కూడా ఆలోచించి చేయవలసిన పనే.

గుర్తించే ఆనవాళ్లు

కుంగుబాటు తొలి ఆనవాలు సాధారణంగా గోడకు, ఏప్రాన్‌కు మధ్య విచ్చుకున్న సందు. పాత గచ్చు ఆనుకొని ఉన్న చోట గోడ మీద రంగు లేని పట్టీ కనిపిస్తే, గచ్చు ఎంత దిగిందో ఆ పట్టీ వెడల్పే చెబుతుంది. ఇంటి లోపల స్కర్టింగ్ రాళ్లకు, గచ్చుకు మధ్య నల్లని గీతలా సందు ఏర్పడుతుంది. వాన వెలిసిన తరువాత ఇదివరకు నిలవని చోట నీరు నిలవడం, ఆ నీరు గేటు వైపు కాక గోడ వైపు మళ్లడం మరింత స్పష్టమైన గుర్తులు. చీమలు పగుళ్ల గుండా సన్నని మట్టిని పైకి తేవడం కూడా అడుగున గుల్ల ఉన్నదనడానికి సూచన కావచ్చు. కర్రతో గాని సుత్తి పిడితో గాని గచ్చును అడుగడుగునా తట్టినప్పుడు నిండు శబ్దం మారి డొల్ల శబ్దం వచ్చే చోట్లను సుద్దతో గుర్తుపెడితే గుల్ల విస్తీర్ణం స్థూలంగా తెలుస్తుంది.

పగుళ్లన్నీ కుంగుబాటుకు గుర్తులు కావు. కాంక్రీటు ఆరేటప్పుడు ఏర్పడే పగుళ్లు వెంట్రుకవాసి వెడల్పుతో ఉండి, రెండు అంచులూ ఒకే మట్టంలో ఉంటాయి. కుంగుబాటు పగులులో ఒక అంచు మరొకదాని కంటే కిందికి ఉంటుంది; వేలితో అడ్డంగా తడిమితే ఆ మెట్టు తెలుస్తుంది. గచ్చు నడిమిన గుబ్బలా లేచి, పగుళ్లు నడుమ నుంచి నలువైపులా విచ్చుకుంటే అది ఉబ్బు వల్ల జరిగినదై ఉండే అవకాశం ఎక్కువ.

గోడల మీద ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలు పగుళ్లు రావడం, కిటికీ మూలల నుంచి బీటలు సాగడం, తలుపులు చట్రానికి పట్టేయడం కనిపిస్తే విషయం గచ్చును దాటి పునాది దాకా వెళ్లిందని భావించాలి. బ్రిటన్ భవన పరిశోధన సంస్థ వర్గీకరణలో 5 మిల్లీమీటర్ల వరకు వెడల్పున్న గోడ పగుళ్లు స్వల్ప నష్టం కిందికి, 5 నుంచి 15 మిల్లీమీటర్లవి మధ్యస్థ నష్టం కిందికి, 15 నుంచి 25 మిల్లీమీటర్లవి తీవ్ర నష్టం కిందికి వస్తాయి. మధ్యస్థ స్థాయికి చేరిన ఇంటిని మేస్త్రీ చేతికి మాత్రమే వదలకుండా స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించడం తప్పనిసరి.

కొలత, పరిశీలన

కంటితో చూసినదాన్ని కొలతగా మార్చడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి మట్టం గొట్టాన్ని బుడగలు లేకుండా నింపి, ఒక కొసను దిగలేదని నమ్మకమున్న పిల్లరు మీది గుర్తు దగ్గర పట్టుకొని, రెండో కొసను గచ్చు మీద మీటరుకొక చోట నిలిపి ఎత్తు తేడాలను రాసుకుంటే గచ్చు ఎక్కడ ఎంత వాలిందో పటం గీయవచ్చు. చిన్న నిడివికి రసమట్టం సరిపోతుంది. స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీర్లు 1956లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, భవనంలో రెండు బిందువుల మధ్య దిగుదల తేడా వాటి దూరంలో 300వ వంతుకు చేరితే గోడలు పగలడం మొదలవుతుంది. అంటే 3 మీటర్ల దూరానికి 10 మిల్లీమీటర్లు. 150వ వంతు దగ్గర బీములకు, పిల్లర్లకు నష్టం జరిగే ప్రమాదం ఉంటుంది. ఈ హద్దులు ఇంటి చట్రానికి సంబంధించినవి. బయటి గచ్చు అంతకంటే ఎక్కువ వాలినా ఇల్లు క్షేమంగానే ఉండవచ్చు.

కదలిక ఆగిందా, సాగుతున్నదా అన్నది మరమ్మతును నిర్ణయించే ప్రశ్న. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికిస్తే, కదలిక ఉన్నప్పుడు అది చిట్లుతుంది. పగులు కొసలను పెన్సిలుతో గీసి పక్కన తేదీ వేయడం ఇంకా తేలిక. రేగడి నేలల్లో మే నెలాఖరున ఒకసారి, వానలు తగ్గిన తరువాత నవంబరులో ఒకసారి కొలిచి పోల్చనిదే మట్టి అణగి దిగుతున్నదో, రుతువుతో ఎగసి పడుతున్నదో చెప్పలేరు. ఎండాకాలంలో కనిపించిన సందును హడావుడిగా సిమెంటుతో బిగిస్తే వానాకాలంలో ఉబ్బిన మట్టికి చోటు లేక గచ్చు మరోచోట విరుగుతుంది.

సరిదిద్దే పద్ధతులు

ఏ పద్ధతిని ఎంచుకున్నా నీటి దారిని మళ్లించడం మొదటి పని. కారుతున్న గొట్టాలు, సంపు, సెప్టిక్ ట్యాంకు బాగుచేయించకుండా, డాబా నీటిని గోడకు దూరంగా తీసుకెళ్లకుండా గచ్చును ఎంత లేపినా అది మళ్లీ దిగుతుంది. సంపు కారుతున్నదో లేదో తేల్చడానికి, మోటారు ఆపి, లోపలికి వచ్చే నల్లాను బిగించి, రాత్రి నీటి మట్టాన్ని గుర్తుపెట్టి ఉదయం చూడడం చాలు.

పగలగొట్టి తిరిగి వేయడం: తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా సాధ్యమయ్యే, సరిగా చేస్తే ఎక్కువకాలం నిలిచే పద్ధతి ఇది. విరిగిన గచ్చును తొలగించి, వదులు మట్టిని గట్టి నేల తగిలేదాకా తీసేస్తారు. రేగడి అయితే దాన్ని కనీసం అర మీటరు లోతున తీసివేసి, ఆ చోట ఉబ్బని మొరం లేదా గ్రావెల్ నింపడం మంచిది. మట్టి పిడికిట పట్టినప్పుడు ముద్ద కట్టి, వేళ్లకు అంటకుండా ఉండే తేమ దాదాపు ప్రాక్టర్ చెప్పిన అనుకూల తేమకు దగ్గరగా ఉంటుంది. ఆ స్థితిలో 150 మిల్లీమీటర్ల పొరలుగా పోసి ప్లేట్ కంపాక్టర్‌తోనో దిమ్మిసతోనో గట్టిపరుస్తూ పైకి రావాలి. ప్రయోగశాలలో సాధ్యమయ్యే గరిష్ఠ సాంద్రతలో 95 శాతాన్ని చేరుకోవడం సాధారణ లక్ష్యం. పైన సన్న కంకరతో సాదా కాంక్రీటు (పీసీసీ) పొర, దాని మీద ఎం20 శ్రేణి కాంక్రీటు 100 మిల్లీమీటర్ల మందాన వేస్తారు. గోడకు, గచ్చుకు మధ్య 12 మిల్లీమీటర్ల సందు వదిలి, మెత్తని పట్టీతోనూ సీలెంటుతోనూ నింపాలి; గచ్చును గోడకు అతికిస్తే అది దిగేటప్పుడు గోడ ప్లాస్టరును వెంట లాగుతుంది. సుమారు 3 మీటర్లకు ఒకటి చొప్పున, గచ్చు మందంలో నాలుగో వంతు లోతున కోత కోస్తే పగుళ్లు ఆ గీతల్లోనే ఒదుగుతాయి. ఐఎస్ 456 ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంట్లకు 10 రోజులు నీటితో తడుపుతూ ఉండాలి.

సిమెంటు గ్రౌటింగ్: గచ్చు ఒకే ముక్కగా ఉండి, దిగినది తక్కువై, అడుగున గుల్ల మాత్రమే ఉన్నప్పుడు ఇది సరిపోతుంది. మీటరుకు పైబడిన ఎడంలో 40 నుంచి 50 మిల్లీమీటర్ల కన్నాలు వేసి, సిమెంటు, సన్న ఇసుక లేదా ఫ్లైయాష్ కలిపిన చిక్కని ద్రావణాన్ని తక్కువ ఒత్తిడితో పంపు చేస్తారు. ఒక కన్నంలో పోసింది పక్క కన్నం నుంచి పైకి ఉబికితే ఆ మేరకు గుల్ల నిండినట్టు. ఒత్తిడి పెంచితే గచ్చు పైకి లేస్తుంది కూడా, కాని లేపడం నేర్పుతో చేయవలసిన పని; ఒకచోటే ఎక్కువ ఎక్కిస్తే గచ్చు నడుమకు విరుగుతుంది. ఈ ద్రావణం బరువైనది కాబట్టి మెత్తని డెల్టా నేలల్లో అదనపు భారం కొత్త దిగుదలకు దారి తీయవచ్చు. మురుగు గొట్టం పగిలి ఉంటే ద్రావణం అందులోకి చేరి గడ్డకట్టే ప్రమాదం ఉంది, అందువల్ల గొట్టాలను ముందుగా పరీక్షించాలి.

పాలీయురెథేన్ నురగ: 16 మిల్లీమీటర్ల చిన్న కన్నాల గుండా రెండు ద్రవాలను కలిపి ఎక్కిస్తే, అవి అడుగున చర్య జరిపి అనేక రెట్లు వ్యాకోచించి, నిమిషాల్లో గట్టిపడి గచ్చును లేపుతాయి. నురగ ఘనపు మీటరుకు కొన్ని పదుల కిలోలే తూగుతుంది కాబట్టి నేల మీద భారం పెరగదు, గంటలోపే గచ్చు మీద నడవవచ్చు. అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియాల్లో గృహాలకు విరివిగా వాడే ఈ పద్ధతి భారతదేశంలో ప్రధానంగా కర్మాగారాల గచ్చులకు, రహదారులకు పరిమితమైంది. ద్రవాల్లో ఒకటైన ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది గనక పని జరిగేటప్పుడు ఇంటివారు దూరంగా ఉండాలి. ఉబ్బే రేగడి మీద నురగ శాశ్వత పరిష్కారం కాదు. అది గుల్లను నింపుతుంది గాని మట్టి స్వభావాన్ని మార్చదు.

సున్నంతో స్థిరీకరణ: తీసివేయలేనంత విస్తారంగా రేగడి ఉన్నప్పుడు పై పొరలో బరువుకు 4 నుంచి 6 శాతం సున్నం కలిపి గట్టిపరుస్తారు. సున్నంలోని కాల్షియం బంకమన్ను రేకులను కూడగట్టి నీటిని పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది.

కుంగిన గచ్చు మీద మరో పొర కాంక్రీటు వేసి మట్టం చేయడం చాలా చోట్ల జరుగుతున్నది. అడుగున గుల్ల అలాగే ఉండగా పైన బరువు పెంచడం వల్ల దిగుదల వేగం పెరుగుతుంది. ఈ పద్ధతిని మరమ్మతుగా లెక్కించలేము. బయటి వాకిలికి పేవర్ బ్లాకులు మేలు. ఇసుక పరుపు మీద కూర్చునే ఈ దిమ్మలను పాత బండల్లాగే లేపి సర్దుకోవచ్చు కాబట్టి, ఇంకా దిగుతున్న నేలకు కొన్నేళ్లు ఇవే తగినవి.

నివారణ (చూ. ఇంకుడు గుంత; ప్లింత్ ప్రొటెక్షన్)

ఏప్రాన్ కనీసం 75 సెంటీమీటర్ల నుంచి మీటరు వెడల్పుతో, గోడ నుంచి బయటికి 50కి 1 చొప్పున వాలుతో ఉండాలి; రేగడి నేలల్లో మరింత వెడల్పు అవసరం. ఇంకుడు గుంతను భూగర్భ జలాల కోసం తవ్వడం ఎంత అవసరమో, దాన్ని పునాదికి, సంపుకు దూరంగా ఉంచడం అంతే అవసరం. గోడ మొదట్లో పూలపాదులు కట్టి రోజూ నీళ్లు పెట్టే అలవాటు రేగడి నేలల్లో మానుకోదగినది. బేస్‌మెంట్ నింపిన తరువాత కనీసం ఒక వానాకాలం గడిచేదాకా గచ్చు వేయకుండా ఆగగలిగితే చాలా సమస్యలు పుట్టకముందే తీరుతాయి.

అమెరికాలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన డాలస్ పరిసరాలు కూడా ఉబ్బే నల్లమట్టి మీదే ఉన్నాయి. టెక్సస్ రాష్ట్ర మృత్తికగా చెప్పుకొనే హ్యూస్టన్ బ్లాక్ రేగడి జాతిదే. అక్కడి ఇళ్లకు లోతైన పునాదికి బదులు నేలపై పరిచిన పలకే పునాదిగా ఉంటుంది, అందువల్ల పొడి వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల గొట్టాలతో కొద్దికొద్దిగా తడి పెడతారు. తెలుగు నేల మీద నీటిని దూరం పెట్టమనడం, అక్కడ నీరు పెట్టమనడం పరస్పర విరుద్ధంగా కనిపించినా, మట్టిలో తేమ మారకుండా చూడడమే రెండింటి లక్ష్యం. చికాగో, న్యూజెర్సీ వంటి శీతల ప్రాంతాల్లో మట్టిలోని నీరు గడ్డకట్టి గచ్చును లేపి, కరిగినప్పుడు దించుతుంది.

ప్రాధాన్యం, భద్రత

రెండు పలకల మధ్య ఒక అంగుళం మెట్టు వృద్ధులకు కాలు తగిలి పడే ప్రమాదాన్ని తెస్తుంది. ఇంటి వైపు వాలిన ఏప్రాన్ వాన నీటిని నేరుగా పునాదికి చేరవేస్తుంది కాబట్టి, వందల రూపాయల్లో తీరే లోపం లక్షల ఖర్చుకు దారి తీస్తుంది. గచ్చు దిగినప్పుడు దాని గుండా పోయే మురుగు గొట్టం విరిగి, ఆ నీరు పక్కనే ఉన్న సంపు పగులులోకి చేరితే తాగునీరు కలుషితమవుతుంది. ఈ ప్రమాదాన్ని అన్నిటికంటే ముందు పరిశీలించాలి. గచ్చు అడుగున చల్లిన చెదల మందు పొర కూడా కుంగుబాటుతో తెగిపోతుంది.

చట్టం, బీమా

బ్రిటన్‌లో 1971 నుంచి గృహబీమాలో నేల కుంగుబాటును చేర్చారు. 1976 నాటి కరువులో అక్కడి బంక నేలలు ఎండి వేలాది ఇళ్లు బీటలు వారాయి. భారతదేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో స్థలం కుంగుబాటుకు రక్షణ ఉన్నా, కొత్త కట్టడం సహజంగా సర్దుకోవడం, నింపిన నేల దిగడం, రూపకల్పనలోనూ పనితనంలోనూ లోపాలు దాని పరిధిలోకి రావు. గచ్చు కుంగుబాట్లలో అధికభాగం ఈ మినహాయింపుల కిందికే వస్తుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) వర్తించే ప్రాజెక్టులో ఇల్లు కొన్నవారికి మాత్రం గట్టి ఆధారం ఉంది: 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని గాని పనితనం లోపాన్ని గాని తెలియజేస్తే, ప్రమోటరు దాన్ని 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. అలా చేయకపోతే కొనుగోలుదారు పరిహారం కోరవచ్చు. తేదీలు వేసిన పగుళ్ల ఫొటోలు, మట్టం గొట్టంతో తీసుకున్న కొలతలు ఈ ఫిర్యాదుకు బలమైన సాక్ష్యాలు కాబట్టి, ఇల్లు చేతికి వచ్చిన మొదటి వానాకాలం నుంచే వాటిని భద్రపరచుకోవాలి.